చిత్తూరు నుంచి తిరుపతికి, పని అడగడానికి ఒక ఆదివారం

మా యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల సంఘం ఏటా ఒక ఆదివారం తిరుపతిలో కలుస్తుంది. పొద్దున ఏదో ఒక సేవ, మధ్యాహ్నం హాస్టల్ మెస్‌లో భోజనం, ఆ తర్వాత ఇప్పుడు చదువుకుంటున్న పిల్లలకు ఉద్యోగాల గురించి నాలుగు మాటలు, చివర్లో టీ, గ్రూప్ ఫోటో. నాలుగేళ్ళుగా ఒక్కసారి కూడా మానకుండా వెళుతున్నాను. ఉపన్యాసాల మీద మోజుతో అనుకునేరు, మెస్‌లో పెట్టే రాగి సంగటి కోసం. ఈసారి మాత్రం నన్ను లాక్కెళ్ళింది సంగటి కాదు, హేమ. ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో నా బెంచీ తనది, ఇప్పుడు చిత్తూరులో మా పక్క వీధి. పదిహేనేళ్ళు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాణ్యత చూసుకునే పెద్ద ఉద్యోగం చేసింది. పోయిన సీజనుకు ఆ ఫ్యాక్టరీ తెరవనే లేదు. అప్పటి నుంచీ హేమ ఇంట్లోనే ఉంది. భర్త జీతంతో ఇల్లు గడుస్తోంది గానీ, ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి సగమైపోయింది. ఈ సంగతి మా బ్యాచ్‌లో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

సమావేశం కబురు గ్రూపులో రాగానే హేమే ఫోన్ చేసింది. "మునిరత్నం అన్న వస్తాడంట కదా. చెన్నైలో ఉండే ఆయన ల్యాబ్‌కు చిత్తూరులో బ్రాంచి తెరస్తాండాడని విన్నాను. ఆ బ్రాంచికి మనిషి కావాల్నేమో అడిగి సూస్తా" అంది. మునిరత్నం మాకు మూడేళ్ళ సీనియర్, ఆహార పదార్థాలను పరీక్ష చేసే ల్యాబ్ నడుపుతున్నాడు. "ఫోన్ చేసి అడగరాదా?" అన్నాను. "ఫోన్లో నాకు నోరు రాదు మే. మనిషి ఎదురుగా ఉంటే ఎట్లనో ఒకట్ల అడిగేస్తా" అంది. అలా బయలుదేరాం.

ఆదివారం చిత్తూరు నుంచి వెళ్ళేవాళ్ళు ఆరున్నరకల్లా బస్టాండులో ఉంటే మంచిది. ఏడు దాటిందా, కాణిపాకం దర్శనం చేసుకుని తిరుపతికి వెళ్ళే జనం కూడా తోడవుతారు, నిలబడే వెళ్ళాలి. ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడవాళ్ళు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. మగవాళ్ళకు వంద దాటుతుంది. గంటన్నర, మహా అయితే రెండు గంటల ప్రయాణం. హేమ ఆధార్ కార్డు సంచీ అడుగున ఎక్కడో ఉండిపోయింది. ఒక్కొక్క వస్తువూ తీసి ఒళ్ళో పెట్టుకుంటుంటే కండక్టర్ చూసి, "నిదానంగా తియ్యక్కా, చంద్రగిరి దాకా టైముండాది" అని వెనక సీట్లకు వెళ్ళిపోయాడు. రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలు పూత మీద ఉన్నాయి. హేమ కిటికీలోంచి వాటినే చూస్తూ, "అన్నా, మీరు చిత్తూరులో బ్రాంచి పెడతా ఉండారని విన్నాను" అని లోలోపల వల్లె వేసుకుంటోంది. రెండుసార్లు పైకే వినపడింది. విననట్టే ఉన్నాను.

తిరుపతిలో దిగగానే బస్టాండు ఎదురు వీధిలో పొంగలి, వడ తిన్నాం. కాఫీతో కలిపి ఇద్దరికీ నూటయాభై లోపే అయింది. అక్కడ గుంపు చూసి భయపడకండి, కొండకు వెళ్ళే తొందరలో ఉన్నవాళ్ళు కాబట్టి బల్లలు ఇట్టే ఖాళీ అవుతాయి. పట్టుచీరల్లో ఉన్న మమ్మల్ని చూసి ఆటో అతను "యాడికక్కా, తిరుచానూరుకా?" అన్నాడు. యూనివర్సిటీకి అనేసరికి ఎగాదిగా చూశాడు. "ఏమక్కా, ఇప్పుడేమన్నా పరీక్షలు రాస్తాండారా?" నేను నవ్వాను గానీ హేమ నవ్వలేదు. "పరీక్షేలే అప్పా, పద" అంది.

గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న సంఘం వాళ్ళు అందరికీ బ్యాడ్జీలు ఇస్తున్నారు. పేరు, బ్యాచ్, కింద ఉద్యోగం. వాళ్ళు చేసిన పనల్లా పోయిన ఏడాది వివరాలనే మళ్ళీ అచ్చు వేయించడం. ఏడాదిలో ఎవరి ఉద్యోగం పోతుందిలే అనుకున్నారు కాబోలు. హేమ బ్యాడ్జీ మీద క్వాలిటీ మేనేజర్ అని, కింద ఆ మూతపడ్డ ఫ్యాక్టరీ పేరుతో సహా ఉంది. చూసి ఒక్క నిమిషం నిలబడిపోయింది. మార్చమని అడిగితే కారణం చెప్పాలి. అలాగే తగిలించుకుని, చీర కొంగు దాని మీదికి లాక్కుంది. నాకు వాళ్ళ మీద ఒళ్ళు మండింది గానీ ఆ బల్ల దగ్గర నేనేమన్నా అంటే సంగతి బయటపడుతుంది, ఊరుకున్నాను.

ఈసారి సేవ తిరుచానూరు వైపున్న ఒక ప్రభుత్వ హైస్కూల్లో. తాగే నీళ్ళు పరీక్ష చేయడం, తొట్టెలు కడగడం. యూనివర్సిటీ బస్సే తీసుకెళ్ళింది. సంఘం వాళ్ళు పరీక్ష కిట్లయితే కొన్నారు గానీ, వాటిని వాడడం తెలిసినవాళ్ళను చూసుకోలేదు. మేనేజర్లూ ఆఫీసర్లూ పెట్టె చుట్టూ చేరి, వెంట వచ్చిన కాగితాన్ని వంతులవారీగా చదువుతున్నారు. హేమ వెళ్ళి ఆ పెట్టె తన ముందుకు లాక్కుంది. బోరు నీళ్ళు వేరుగా, పైన తొట్టెలో నీళ్ళు వేరుగా పట్టించింది. చుక్కలు వేసి, రంగు చూసి, ఎవరు ఏ సీసా పట్టుకోవాలో చెప్పింది. కొంగు భుజం మీదికి ఎప్పుడు ఎగదోసుకుందో కూడా తనకు తెలిసినట్టు లేదు. బోరు నీళ్ళు బాగానే ఉన్నాయి, ఇబ్బందంతా తొట్టెలోనే ఉంది. మూత పగిలి ఏళ్ళయినట్టుంది. తొట్టె కడిగి, కొత్త మూత తెప్పించి, క్లోరిన్ ఎంత వేయాలో ప్యూన్‌కు రెండుసార్లు చెప్పి దిగేసరికి పన్నెండు దాటింది. ఏడాదిగా నేను చూడని పాత హేమ ఆ మూడు గంటలూ కనిపించింది. నాకు భలే సంతోషమేసింది.

మెస్‌లో మాకో పద్ధతి ఉంది. ముందు బ్యాచ్ వాళ్ళు తర్వాతి బ్యాచ్ వాళ్ళకు వడ్డించాలి, ఎంత పెద్ద ఉద్యోగమైనా సరే. వంటాయన రాగి సంగటి, అలసందల పులుసు, శెనక్కాయల ఊరిబిండి వరసగా పెట్టి, "ముద్దలు చిన్నవి చేసినాను, మొహమాటపడకుండా ఇంకోటి అడగండి" అన్నాడు. ఆ ఊరిబిండి రోట్లో నూరిన పచ్చడి, దానికోసమైనా ఒకసారి రండి. మా వరసకు పులుసు గరిటె పట్టుకుని వచ్చింది సాక్షాత్తూ మునిరత్నమే. హేమ ముందు ఆగి, "ఏమ్మా హేమా, ఫ్యాక్టరీ ఎట్లుండాది?" అన్నాడు. పక్క ఆకు దగ్గర ఎవరో పులుసు కోసం చేయి చాచి ఉన్నారు. హేమ తల ఎత్తకుండా "బాగుండాదన్నా" అంది. ఆయన ముందుకు వెళ్ళిపోయాడు. బస్సులో అంతసేపు వల్లె వేసిన మాట నోట్లోనే ఉండిపోయింది. హేమ సంగటి ముద్ద సగం కూడా తినలేదు.

రెండింటికి హాల్లో కూర్చున్నాం. ముందు జనార్దన్ అన్న మాట్లాడాడు. బెంగళూరులో ఒక పెద్ద కంపెనీలో లెక్కల విభాగం చూసే మనిషి, ఏటా మొదటి ఉపన్యాసం ఆయనదే. ధైర్యంగా ఉండాలి, అవకాశాన్ని మనమే వెతుక్కోవాలి అని ముప్పావుగంట చెప్పాడు. నేను రెండుసార్లు ఆవలించాను. తర్వాత బల్లలు వేశారు. బల్లకు ఇటు పక్క పూర్వ విద్యార్థులు, అటు పక్క చదువుకునే పిల్లలు. వాళ్ళు అడుగుతారు, మనం చెబుతాం. హేమ కూడా అందరిలాగే ఇటు పక్క నా పక్కన కూర్చుంది. కాసేపటికి గోమతి అనే అమ్మాయి మా బల్ల దగ్గరికి వచ్చింది. నగరి పిల్ల, ఎమ్మెస్సీ చదువుతోంది. హేమ బ్యాడ్జీ చదివి మొహం వెలిగిపోతూ కూర్చుంది.

"మేడమ్, మీ ఫ్యాక్టరీలో ఇంటర్న్‌షిప్ దొరుకుతాదా? మా నాయనకు మరమగ్గాల పని. చెన్నై అంటే పంపియ్యడు. చిత్తూరైతే బస్సుండాది, పొద్దున పోయి సాయంత్రం వస్తానని ఒప్పిస్తాను."

హేమ ఏదో ఒకటి చెప్పి పంపేస్తుందని అనుకున్నాను. కనుక్కుని చెబుతానంటే అయిపోయేది, ఆ పిల్ల ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్ళిపోయేది. హేమ బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ ఫ్యాక్టరీ మూసేసినారమ్మా. పోయిన సీజను నుంచి నాకూ పని లేదు. నువ్వడిగినట్టే నేనూ అడగడానికే వచ్చినాను. నిన్ను నమ్మించి పంపిస్తే ఇంక నేనేం మనిషిని?"

గొంతు చిన్నదే అయినా అటూ ఇటూ బల్లలకు వినపడింది. పక్క బల్ల దగ్గర జనార్దన్ అన్న మాట మధ్యలో ఆగిపోయాడు. హేమ లేచి, తన కుర్చీ ఎత్తుకుని, బల్ల చుట్టూ తిరిగి అటు పక్కకు వెళ్ళింది. మునిరత్నం బల్ల ముందు ఇద్దరు పిల్లలు వరసలో ఉన్నారు. వాళ్ళ వెనకాల కుర్చీ వేసుకుని కూర్చుంది. గోమతి ఒక్క క్షణం తటపటాయించి, తన కుర్చీ తెచ్చుకుని ఆమె వెనకాల వేసుకుంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భయం కూడా వేసింది, ఇంతమందిలో ఆయన లేదంటే ఏం కావాలని.

వరస వచ్చేసరికి మునిరత్నం అయోమయంగా చూశాడు. "అదేందమ్మా, అన్నం దగ్గర బాగుండాదంటివి?"

"పులుసు గరిటె పట్టుకోని అడిగితే ఏం చెప్పేదన్నా" అంది హేమ. ఆయన నవ్వేశాడు. తర్వాత, బస్సులో వల్లె వేసుకున్న మాట మొత్తం తడుముకోకుండా చెప్పింది. ఆయన విని, "పొద్దున ఇస్కూల్లో నీళ్ళ పని చేయించింది నువ్వే కదా, సూసినాను. బుధవారం చిత్తూరు వస్తాండా, కలువు. జీతం మాత్రం ఫ్యాక్టరీలో మాదిరి ఇయ్యలేను, ముందే చెప్తాండా" అన్నాడు. "సరేన్నా. ఈ పాపకు ఎండాకాలంలో ఇంటర్న్‌షిప్ కావాలంట, అదీ సూడు" అని గోమతిని ముందుకు తోసింది. మూడున్నరకు టీ వచ్చింది. గ్లాసు కింద పెట్టకముందే సగం హాలు ఖాళీ. మునిరత్నంతో సహా బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళంతా సాయంత్రం దర్శనానికి టికెట్లు తీసుకునే ఉన్నారు. కార్లెక్కి కొండకు వెళ్ళిపోయారు. గ్రూప్ ఫోటోలో మిగిలింది మేమూ, పిల్లలూ.

ఐదింటికి బస్టాండులో పలమనేరు బస్సు ఎక్కాం, అది చిత్తూరు మీదుగానే వెళుతుంది. ముందు సీట్లో ఉన్నది జనార్దన్ అన్న. బెంగళూరు కారులో వెళ్ళిపోయి ఉంటాడనుకున్న మనిషి, కోటు మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పలకరిస్తే ఊరికే తల ఊపాడు. చంద్రగిరి దాటాక వెనక్కి తిరిగాడు.

"హేమా, ఇప్పుడు నేను పలమనేరులో మా అన్న ఇంట్లో ఉండాను. ఆరు నెలలైంది. కంపెనీలో మా విభాగమే తీసేసినారు." ఒళ్ళో కోటు సర్దుకున్నాడు. "మునిరత్నానికి లెక్కలు సూసే మనిషి కావాల్నేమో. నా గురించి ఒక మాట చెప్తావామ్మా?"

ముప్పావుగంట ధైర్యం గురించి చెప్పిన మనిషి అలా అడుగుతుంటే నేను ఆవలించిన సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. హేమ ఫోన్ తీసి నంబరు చూపించింది. "నేను చెప్పనన్నా. నువ్వే అడుగు. మొదటి మాట చెప్పేదే కష్టం, తర్వాత ఆయనే మాట్లాడతాడు" అంది. ఆయన ఆ నంబరు ఎక్కించుకుని, ఫోన్ చేతిలోనే పట్టుకుని కిటికీ వైపు తిరిగాడు.

ఇది రాసేనాటికి హేమ మునిరత్నం బ్రాంచిలో చేరి నెల దాటింది. జీతం ఆయన చెప్పినట్టే తక్కువ, మాటలు మాత్రం పాత జోరుకు వచ్చేశాయి, ఫోన్ చేస్తే ఒక పట్టాన పెట్టెయ్యదు. గోమతి వేసవిలో వస్తుంది. జనార్దన్ అన్న ఫోన్ చేశాడో లేదో నాకు తెలియదు, హేమకు తెలిసినా చెప్పలేదు. నేనూ అడగలేదు, అది ఆయన మాట. ఇలాంటి సమావేశాలకు మనమంతా ఏదో ఇవ్వడానికే వస్తున్నామన్నట్టు వస్తాం. కడుపు నిండినవాడు కూడా లేనివాడు కూడా ఇటు పక్కనే కూర్చుంటాడు. కలిసి చదువుకున్నవాళ్ళ దగ్గర కూడా అడగలేకపోతే ఇంకెవరి దగ్గర అడుగుతాం, ఇన్నేళ్ళు కలుసుకుంటున్నది దేనికి అని ఆ రాత్రి ఇంటికొచ్చాక చాలాసేపు బాధపడ్డాను.

తిరుపతిలో ఇలాంటి సమావేశానికి వెళ్ళేవాళ్ళకు ఒకే ఒక్క సలహా. ఎవరినైనా ఏమైనా అడగదలుచుకుంటే టీకి ముందే అడగండి. టీ తర్వాత ఇవ్వగలవాళ్ళంతా దేవుణ్ణి అడగడానికి కొండెక్కేస్తారు.