విజయరత్నానికి దొరికిన మాటలు

విజయరత్నం రిటైరయ్యేదాకా పోర్టులో క్రేన్ నడిపాడు. అంత ఎత్తున క్యాబిన్‌లో పగలంతా ఒక్కడే కూర్చునేవాడు కాబట్టేమో, కిందికి దిగాడంటే ఇక నోరు ఆగేది కాదు. మల్కాపురంలో ఇల్లు చేరేలోగా టీకొట్టు దగ్గర కాసేపు, పంక్చర్ల షాపు దగ్గర కాసేపు ఆగి మాట్లాడేవాడు. ఆదివారం ఆరాధన అయిపోయాక భార్య దీవెనమ్మ ఆటోలో ఎక్కి కూర్చునేది. ఆయన మాత్రం చర్చి గేటు దగ్గర ఎవరికో ఏదో చెబుతూనే ఉండేవాడు.

అలాంటి మనిషికి ఒకరోజు పొద్దున్న పళ్లు తోముకుంటూ ఉండగా పక్షవాతం వచ్చింది. ఆస్పత్రిలో ప్రాణం నిలబడింది. కాలు మెల్లగా కోలుకుంది. కుడిచెయ్యి సగం వచ్చింది. మాట మాత్రం రాలేదు. మంచినీళ్లు కావాలన్నా, దుప్పటి కావాలన్నా "అది... అది..." అని ఆగిపోయేవాడు. వింతేమిటంటే చర్చిలో అందరూ పాడుతుంటే ఆయన కూడా గొంతు కలిపి ఒక్క పదం పొల్లుపోకుండా పాడేవాడు. పాట అయిపోయి పక్కవాళ్లు పలకరిస్తే మళ్లీ "అది... అది..." అనేవాడు. ఆ మాట కూడా తడబడితే తల దించుకునేవాడు. కొన్నాళ్లకు చర్చికి వెళ్లడమే మానేశాడు.

కూతురు ఫ్లోరా సిరిపురంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. తండ్రిని స్పీచ్ థెరపీకి తీసుకెళ్లేది తనే. థెరపిస్టు సత్యశ్రీ ఒకరోజు బల్లమీద నాలుగు బొమ్మలు పరిచి దువ్వెన ఏదని అడిగింది. విజయరత్నం తడుముకోకుండా చూపించాడు. దువ్వెన బొమ్మ ఒక్కటే పెట్టి ఇదేమిటని అడిగితే చెప్పలేకపోయాడు.

"మీ నాన్నగారి మాటలు ఎక్కడికీ పోలేదండి, లోపలే ఉన్నాయి. ఎదురుగా పెడితే గుర్తుపడతారు. వెతుక్కోమంటేనే దొరకవు" అంది సత్యశ్రీ.

ఆ మాట ఫ్లోరాను బస్సెక్కాక కూడా వదల్లేదు. ఆటోనగర్‌లో లారీ విడిభాగాలమ్మే షాపుల కోసం తను తయారుచేసిన సెర్చ్ బాక్స్ గుర్తొచ్చింది. మెకానిక్ ఒకటి రెండు అక్షరాలు కొడితే చాలు, బాక్స్ కింద ఆ అక్షరాలతో మొదలయ్యే పేర్లన్నీ వరసగా దిగుతాయి, కావలసినది నొక్కుతాడు. ఆ బాక్స్‌ను ఫ్లోరా ఒక్కసారే రాసింది. అదే బాక్స్‌కు తర్వాత మందుల పేర్లిస్తే మందుల షాపులో పనిచేసింది, ఊళ్ల పేర్లిస్తే కొరియర్ ఆఫీసులో పనిచేసింది. మరి ఇంట్లో మాటలు ఇస్తే?

దీవెనమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆ మాటలు చేర్చింది. చుట్టాల పేర్లు, తినేవి, తాగేవి, ఒంటి నొప్పులు, పోర్టులో ఆయన నోట నానిన మాటలు. చిన్న అక్షరాలు కొట్టలేడని టాబ్లెట్ తెరమీద అక్షరాలను పెద్ద పెద్ద గడులుగా పెట్టింది. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక తండ్రి ముందు ఉంచింది.

విజయరత్నం అలవాటు లేని ఎడమచేతి వేలితో ఒక అక్షరం నొక్కాడు. మాటలు దిగాయి. ఆయన వాటిని చదువుకుంటూ ఉండగానే వేలు వణికి పక్కన తగిలింది. మాటలన్నీ మాయమయ్యాయి. మళ్లీ నొక్కాడు, మళ్లీ అంతే. మూడోసారి టాబ్లెట్‌ను తోసేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఒగ్గీ అమ్మా, ఇంక సాలు. మీ నాన్న మనసు కట్టపడతంది" అంది దీవెనమ్మ.

ఫ్లోరా ఆ వారమంతా ఆ బాక్స్ గురించే ఆలోచించింది. వేరేచోట తగిలితే మూసుకోమని దానికి నేర్పింది తనే. తొందరలో ఉన్నవాళ్ల కోసం రాసింది కదా, దానికి ఓపిక లేదు. ఆఫీసులో సీనియర్ గుణశేఖర్‌ను అడిగి, సాయంత్రాలు ఒక గంట కూర్చుని దాన్ని మార్చింది. ఎంచుకునేదాకా మాటలు కదలకుండా ఉండాలి. ఒకేసారి నాలుగే కనిపించాలి. 'ప' నొక్కినా 'బ'తో మొదలయ్యే మాటలు కూడా రావాలి, ఎందుకంటే ఆయనకు ఆ రెండు శబ్దాలూ కలిసిపోతున్నాయి.

ఈసారి విజయరత్నం టాబ్లెట్ వైపు చాలాసేపు చూడలేదు. తర్వాత తనంతట తనే చెయ్యి చాచి 'క' నొక్కాడు. కాఫీ, కళ్లజోడు, కుర్చీ, కిటికీ వచ్చాయి. వేలు వణికింది. మాటలు కదల్లేదు, ఆయన కోసం ఆగాయి. ఆయన నెమ్మదిగా కిటికీ నొక్కాడు.

దీవెనమ్మ లేచి కిటికీ తెరిచింది. గాలి లోపలికి వచ్చింది. విజయరత్నం ఆ గాలిని, ఆ తెరను, కూతురి మొహాన్ని మార్చి మార్చి చూశాడు. తను అడిగాడు, కిటికీ తెరుచుకుంది. ఆస్పత్రి నుంచి వచ్చాక అలా జరగడం అదే మొదలు. ఆ మాటలు అలా దిగడం ఫ్లోరా ఆఫీసులో రోజూ చూసేదే. కానీ ఒక మనిషి లోపల మూసుకుపోయిన తలుపు వాటివల్ల తెరుచుకుంటుందని ఎన్నడూ అనుకోలేదు.

ఆయన మళ్లీ వంగి 'ద' నొక్కాడు. దుప్పటి, దగ్గు, దోసె, దీవెనమ్మ. చివరిదానిమీద వేలు పెట్టి తలెత్తి భార్యను చూశాడు. పెదాలు కదిలాయి.

"దీ... దీవెనమ్మ."

ఆవిడ కూతురివైపు తిరిగి, "పెళ్లయినకాడ్నించి ఇదిగో అనీవోరు, ఇనబడిందా అనీవోరు. నా పేరెట్టి పిలవడం నానెప్పుడూ ఇన్లేదమ్మా" అంది. అని కొంగుతో మొహం కప్పుకుంది.

ఆ తర్వాత నెలలు గడిచేకొద్దీ, తెరమీద ఎంచుకున్న మాటను చూసి పైకి అనడం ఆయనకు అలవాటైంది. కొన్ని మాటలు తెర లేకుండానే రావడం మొదలైంది. అన్నీ రాలేదు. అయినా సత్యశ్రీ ఆ తెర ఇంకొకరికి కూడా కావాలని అడిగింది. ఆమె పేరు నూకాలు. హార్బరులో చేపలమ్ముకునేది, ఆమెకూ పక్షవాతంతోనే మాట పడిపోయింది.

నూకాలు కోడలు చెప్పిన మాటలన్నీ ఫ్లోరా చేర్చింది. బాక్స్‌లో వేరే ఏమీ మార్చలేదు. సత్యశ్రీ దగ్గర నూకాలు మొదటిసారి ఆ తెర ముందు కూర్చున్న రోజు విజయరత్నం కూడా అదే గదిలో ఉన్నాడు. ఆమె గట్టిపడ్డ వేలితో 'వ' నొక్కింది. వంజరం అనే చేప పేరు దిగగానే తెరకు దగ్గరగా వంగింది. దాన్ని నొక్కింది. తర్వాత రొయ్యలు, పీతలు, చందువాలు ఒక్కొక్కటే వెతికి నొక్కుతూ పోయింది, తట్టలోంచి తీసి బల్లమీద పరుస్తున్నట్టు. కోడలు పక్కన నిలబడి ఏడుస్తోంది. నూకాలు అది గమనించనే లేదు.

విజయరత్నం కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు. తెర తెమ్మని అడగలేదు. నూకాలు వైపు చూసి, ఎంతో కష్టంమీద, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అన్నాడు.

"నెమ్మ...దిగా. మాటలు వత్తాయి."