సత్యారావు వేలి మీది జమునియా

అబర్డీన్ బజారులో బట్టల కొట్టుకీ సెల్‌ఫోన్ల కొట్టుకీ మధ్య ఒక సందుంది. ఆ సందు చివర ఉన్నది సత్యారావు కొట్టు. కొట్టు అనడానికి కాస్త మొహమాటపడాలి. ఒకరు కూర్చుని ఒకరు నిలబడితే మూడోవాడు వానలో తడవాల్సిందే. పోర్ట్‌బ్లెయిర్‌లో వానకేం కరువు! అయినా జనం తడుస్తూనే నిలబడేవారు.

అసలైన నవరత్నాలు కొనగలిగినవాళ్ళు విమానమెక్కి చెన్నై పోతారు. కొనలేనివాళ్ళు సత్యారావు దగ్గరికొస్తారు. కెంపు బదులు తామ్డా, కనక పుష్యరాగం బదులు సునెహ్లా, నీలం బదులు ఊదారంగు జమునియా. రాళ్ళు జైపూర్ నుంచి వస్తాయి కనుక పేర్లు కూడా హిందీలోనే దిగుతాయి. శాస్త్రంలో వీటిని ఉపరత్నాలంటారు. ఇక పగడం సంగతి చెప్పనే అక్కర్లేదు. చుట్టూ సముద్రం నిండా పగడాల దిబ్బలే, ముట్టుకుంటే మాత్రం కేసు! అందుకని కుజుడి కోసం వచ్చినవాళ్ళకి సత్యారావు ఎర్ర హకీక్ రాయి పొదిగి పంపేవాడు.

ఉపరత్నమంటే చిన్నచూపు చూసేవాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట. "అసలు రత్నం ఆఫీసరు, ఇది గుమస్తా. ఆఫీసరు లేకపోయినా ఆఫీసు నడుస్తాది, గుమస్తా లేకపోతే నడుస్తాదా?" అనేవాడు. గుమస్తాని ఎంచుకోవడంలోనే ఉందంతా. గాజుముక్క కాకూడదు. చెంపకి ఆనిస్తే చల్లగా తగలాలి, భూతద్దంలో లోపల బుడగలు కనపడకూడదు. పగులు ఉండకూడదు. అసలు రత్నం కంటే బరువులో పెద్దదిగా ఉండాలి. ఉంగరం అడుగు మూయకూడదు, రాయి ఒంటికి తగలాలి. అన్నిటికంటే ముఖ్యం రంగు. "గుమస్తాకి రిటైర్‌మెంటు ఉంటాది భయ్యా. రంగు పోయిందా, ఆ రాయి పని అయిపోయినట్టే. సముద్రంలో వదిలేసి కొత్తది పెట్టుకో."

జాతకం చెప్పడం తన పని కాదనేవాడు. కానీ వచ్చిన ప్రతివాణ్ణీ ఒక ప్రశ్న అడక్కుండా వదిలేవాడు కాదు.

"నువ్వు పుట్టిందెక్కడ?"

"బారువ దగ్గర, సోంపేట తాలూకా."

"అది మీ తాత ఊరు. మీ అమ్మ నిన్ను కన్నదెక్కడ?"

"ఇక్కడే, సర్కారీ ఆసుపత్రిలో."

"మరి పంతులికి ఏ ఊరు సెప్పినావు?"

అక్కడ దొరికిపోయేవారు. దీవుల్లో మూడు తరాలుగా ఉంటున్నా, మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే మనవాళ్ళ నోట ఎన్నడూ కళ్ళతో చూడని ఆ ఊరి పేరే వస్తుంది. అటువైపు పంతులు ఆ ఊరి ప్రకారం లగ్నం కడతాడు. ఇక్కడేమో అక్కడికంటే అరగంట పైగా ముందే తెల్లారిపోతుంది. లగ్నం మారిపోతే అధిపతి మారిపోతాడు, రాయీ మారిపోతుంది. సత్యారావు అలాంటివాళ్ళని వెనక్కి పంపి, పుట్టిన చోటు చెప్పి మళ్ళీ జాతకం వేయించుకు రమ్మనేవాడు. వచ్చిన బేరాన్ని వాకిట్లోంచి తరిమేవాడని బజారంతా నవ్వుకునేది.

ఈ నవ్వుల్లో పెద్దపాలు నెహెమ్యాది. చాతం రంపపు మిల్లులో పనిచేసి దిగిపోయినవాడు, తెలుగు చర్చిలో పెద్ద. రాళ్ళ మీద పూచికపుల్లంత నమ్మకం లేదు. అయినా మధ్యాహ్నం భోజనం కాగానే వచ్చి సత్యారావు కొట్టుమెట్టు మీద కూర్చోకపోతే ఆయనకి పొద్దు గడవదు.

ఒకనాడు సీతాలు వచ్చింది. జెట్టీలో టికెట్లిచ్చే పిల్ల. గురుబలం కోసం సునెహ్లా పెట్టించుకుని వారమైనా కాలేదు. ఉంగరం తీసి బల్ల మీద పెట్టింది.

"బాబాయ్, సునెహ్లా అంటే పసుప్పచ్చగా ఉంటాదంట గదా. ఇది తెల్లగుందేటి?"

సత్యారావుకి కోపం నషాళానికెక్కింది. "నీకు రాళ్ళు తెలుసా, నాకు తెలుసా? సూడు, తేనెలాగ మెరిసిపోతంది!"

నెహెమ్యా మెట్టు మీంచి లేచి ఉంగరాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. ఆయన ముఖంలో రోజూ ఉండే వెటకారం లేదు. "సత్యం, ఇది పటికముక్కలాగ తెల్లగుంది."

కొట్టు వెనక చూరు కింద ఉంగరాలకి మెరుగు పెడుతున్న యర్రమ్మ ముందుకొచ్చింది. భార్య ముఖం చూడగానే తప్పు తన కళ్ళదేనని సత్యారావుకి అర్థమైపోయింది. కంట్లో శుక్లాలు ముదిరితే లోకమంతా టీ డికాషన్‌లో ముంచినట్టు కనిపిస్తుంది. తెల్లరాయి కూడా తేనెరంగే. గురువు కోసం వచ్చిన పిల్ల వేలికి శుక్రుడికి పెట్టే తెల్లరాయి తొడిగి పంపాడు. ఆ రెండు గ్రహాలకీ పొసగదని ఊరందరికీ చెప్పేవాడు తనే.

"పోన్లే బాబాయ్, మార్చీయండి," అంది సీతాలు మెల్లగా. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఆ సాయంత్రం కొట్టు మూసి, కళ్ళు బాగయ్యేదాకా తెరవనని తాళం యర్రమ్మ చేతిలో పెట్టాడు.

శుక్లాల ఆపరేషన్ సంగతి కొత్తదేమీ కాదు. అంతకుముందు ఒకసారి ఆసుపత్రి దాకా వెళ్ళాడు కూడా. అక్కడ నర్సమ్మ, ఒంటి మీద బంగారం, వెండి ఏమున్నా తీసేయమంది. సత్యారావు మంచినీళ్ళు తాగొస్తానని చెప్పి లేచి, డైరీ ఫార్మ్ పేటలో తన ఇంట్లో తేలాడు. యర్రమ్మ ఆసుపత్రి అంతా వెతికి, ఇంటికొచ్చి నోటికొచ్చినట్టు తిట్టింది.

అతను భయపడింది కత్తికి కాదు. కుడిచేతి నడిమి వేలికి జమునియా ఉంగరం ఉంది. పెళ్ళికి ముందు, ఊరి పంతులు తులా లగ్నమనీ శని యోగకారకుడనీ చెబితే, నీలం కొనే తాహతు లేక జమునియా పొదిగించుకున్నాడు. కొట్టు నిలబడినా, పిల్లలు బతికి బట్టకట్టినా అంతా దాని చలవే అనుకునేవాడు. ఆ ఉంగరాన్ని ఒక్కసారే తీశాడు. రాయి మసకేసింది, మురికి పట్టిందనుకుని ఒక శనివారం రాత్రి కుంకుడు రసంలో నానేశాడు. తెల్లారి ఆదివారం భూమి కదిలింది, సముద్రం లేచింది. హట్‌బే రేవులో చేపల పని మీద ఉన్న తమ్ముడు జోగులు మళ్ళీ కనిపించలేదు. శవం కూడా దొరకలేదు.

అంతే. కుంకుడు రసంలోంచి తీసి తొడుక్కున్న ఉంగరం మళ్ళీ దిగలేదు, దాని వంక తేరిపార చూసే ధైర్యమూ అతను చేయలేదు. వయసుతో కణుపు లావెక్కి, తీద్దామన్నా రాని స్థితికి వచ్చింది. ఈసారి తీస్తే ఎవరు పోతారో అన్నది అతని భయం. కళ్ళు పోతే పోనీ, ఇంట్లో మనుషులుంటే చాలనుకున్నాడు. ఈ మాట అతను ఎవరితోనూ అనలేదు. యర్రమ్మకి మాత్రం చెప్పకుండానే తెలుసు.

కొట్టు మూసేశాక నెహెమ్యాకి మెట్టు కరువై, రోజూ బస్సెక్కి డైరీ ఫార్మ్‌కే రావడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఉంగరం వంకే చూస్తూ, "సత్యం, ఒక మాటడుగుతాను. నువ్వు పుట్టిందెక్కడ?" అన్నాడు.

సత్యారావు ఉలిక్కిపడ్డాడు. ఊరందరినీ అడిగిన ప్రశ్న తన మీదికి రావడం అదే మొదటిసారి.

"చాతం క్వార్టర్లలో."

"మరి మీ నాన్న జాతకం ఎక్కడేయించాడు?"

"ఓడలో ఊరెళ్తున్న మనిషితో కబురెట్టి..." మాట మధ్యలో ఆగిపోయాడు.

ఆ సంగతి అతనికి తెలియక కాదు. ఊరి లెక్కలో తుల చివర్లో పుట్టినవాడు ఈ దీవుల లెక్కలో వృశ్చికంలో పడతాడని ఎందరికో చెప్పాడు. వృశ్చికమైతే అధిపతి కుజుడు, తనకి ఉండాల్సింది ఎర్ర హకీక్, శని రాయి కూడనే కూడదు. కడుపులో ఎప్పటినుంచో ఉన్న అనుమానమే అది. పైకి రానీయలేదు.

"బైబిలు చదివేవాణ్ణి, నాకే తెలిసింది నీకు తెలీదా! ఆ రాయి నీది కానేకాదు. ఛోడో భయ్యా, తీసి పారేయ్," అన్నాడు నెహెమ్యా, ముడి విప్పేశానన్న సంతోషంతో.

ఆయన విప్పలేదు, ఇంకో ముడి వేశాడు. కూడని రాయి తొడుక్కుంటే కీడు చేస్తుంది. మరి జోగులు పోయింది ఉంగరం తీసినందుకా, అన్నేళ్ళు పెట్టుకున్నందుకా? ఎటు చూసినా తమ్ముడి చావు తన వేలి చుట్టూనే తిరుగుతోంది. సత్యారావు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడోనాడు పొద్దున్నే యర్రమ్మ ముందు చెయ్యి చాపాడు.

"కోసీయే. పెట్టుకున్నా తప్పే, తీసినా తప్పే. కనీసం కళ్ళు బాగుసేయించుకుని సీతాలు లాంటి పిల్లల్ని మోసం సేయకుండా ఉంటాను."

యర్రమ్మ కొట్టులోంచి సన్న రంపం తెచ్చింది. వేలికీ ఉంగరానికీ మధ్య రేకుముక్క దూర్చి, మెల్లగా కోసింది. ఉంగరం ఊడిపోయాక ఆ వేలి చుట్టూ తెల్లటి గాడి మిగిలింది. సత్యారావు దాన్ని తడుముకుంటూ, పిల్లలందరికీ ఫోన్ చేసి క్షేమం కనుక్కోమన్నాడు. ఆమె ముఖం చిట్లించినా చేసింది. అందరూ బాగానే ఉన్నారు. ఉంగరాన్ని మాత్రం ఆమె అతనికి ఇవ్వలేదు, తన కొంగున ముడేసుకుంది.

ఆపరేషన్ సాఫీగా జరిగింది. మర్నాడు కట్టు విప్పాక ఇంటికి వస్తూ దారి పొడుగునా అతను చిన్నపిల్లాడిలా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆకాశం ఇంత నీలమా, ఆ గోడకి తెల్ల సున్నం ఎప్పుడేశారు, యర్రీ నీ చీర గోధుమరంగు కాదా! ఆమె ఊఁ కొడుతూ వచ్చింది. ఇల్లు చేరాక గుమ్మంలో వెలుగున్న చోట కూర్చోబెట్టి, కొంగుముడి విప్పి, ఉంగరం అతని అరచేతిలో పెట్టింది.

"సూడు మావా."

సత్యారావు చూశాడు. భూతద్దం అక్కర్లేకపోయింది. కోసిన వెండి మధ్య ఉన్నది ఉత్త తెల్లరాయి. ఎండకి ఎండి ఎండి ఊదారంగంతా వెలిసిపోయింది. ఎవరైనా తన కొట్టుకి పట్టుకొస్తే, రిటైరైపోయింది సముద్రంలో వదిలెయ్ అని తిప్పి పంపే రాయి.

"ఎప్పుడు పోయిందే దీని రంగు?"

"సునామీకి ముందే. నువ్వు మురికనుకుని నానేసినావు. మురికి కాదది, రంగు లేకే అలగుంది. ఆ శుక్రవారం ఓడెక్కేముందు జోగులే నాతో అన్నాడు, 'వదినా, అన్నయ్య రాయి తెల్లబడిపోయింది, సెప్పకు, బాధపడతాడు' అని నవ్వుకుంటా ఎళ్ళిపోయినాడు." యర్రమ్మ ఖాళీ కొంగుని మళ్ళీ ముడేసింది. "ఆడు పోయినాక ఎలగ సెప్పమంటావు? సెప్తే మాత్రం నమ్ముతావా? నీ కళ్ళతో నువ్వు సూడాల గదా."

ఊరందరి రాళ్ళూ చూసిన మనిషి ఆ రాయిని చాలాసేపు చూశాడు. పని అయిపోయిన రాయి అది. దాన్ని పెట్టుకున్నా ఒకటే, తీసినా ఒకటే. ఆ శనివారం రాత్రి కుంకుడు రసంలో అతను నానేసింది ఉత్త రాతిముక్కని.

"అయితే నేనేటీ సేయలేదా యర్రీ, ఆణ్ణి?"

"నువ్వేటీ సేయలేదు మావా."

సత్యారావు భుజాలు కదిలాయి. యర్రమ్మ గభాలున అతని గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"ఏడవకు, ఏడవకు. కంట్లో నీళ్ళు పెట్టొద్దని డాక్టరమ్మ సెప్పింది," అంది, తను మాత్రం ఏడుస్తూనే.