కొల్లేటి గట్టు మీద టైగర్

"ఆదివారం లోపు కుక్కనైనా పంపించెయ్యండి, ఇల్లయినా ఖాళీ చెయ్యండి" అని ఇంటి ఓనరు తేల్చి చెప్పేశాడు. తప్పు ఆయనది కాదు. పోయినేడు వరద వచ్చినప్పటి నుంచి వాన చప్పుడు వింటే చాలు, మా టైగర్ తెల్లవార్లూ ఏడుస్తుంది. ఆ వరదలో దాన్ని ఒళ్లో పెట్టుకుని, నీళ్లకి పైన ఇంకా ఎన్ని మెట్లు మిగిలాయో లెక్కపెడుతూ డాబా మీద కూర్చున్నది నేనే. వాన పడితే ఇప్పటికీ నాకూ నిద్రుండదు.

కైకలూరు దగ్గర చేపల చెరువు కౌలుకి చేస్తున్న మా బావమరిది జోసెఫ్ ఫోన్ చేశాడు. "ఇక్కడ వదిలెయ్ బావా. మా నాలుగు కుక్కలతో పాటు పిట్టల్ని తోలుకుంటూ బతికేస్తుంది. నువ్వూ కాసేపు గట్టు మీద నడువు, మనసు తేలికవుతుంది." చుట్టూ నీళ్లు పెట్టుకుని మనసు తేలికవడమేమిటో నాకు అంతుపట్టలేదు.

కుక్కతో బస్సెక్కనివ్వరు. గవర్నర్‌పేటలో నేను పనిచేసే షాపు నుంచి చెరువులకి మోటార్లు తీసుకెళ్లే వ్యాన్ ఉంటే, పొద్దున్న అయిదున్నరకి అందులో బయల్దేరాం. మూడొందలు, కుక్కతో సహా.

ఉయ్యూరు దాటాక డ్రైవర్ సుబ్బారావు నవ్వాడు. "టైగర్ అంటే ఇదేనాండీ? నా కాళ్ల కింద దూరింది. బ్రేకు తొక్కాలంటే దీని పర్మిషన్ అడగాలండీ!"

పామర్రులో ఇడ్లీ తిన్నాం. టైగర్ ముట్టలేదు, నేనూ సగం వదిలేశాను. రోడ్డు పక్కన కాలవ కనిపించినప్పుడల్లా నీళ్లకీ గట్టుకీ మధ్య ఎంత ఎడముందో కళ్లతోనే కొలుస్తూ కూర్చున్నాను.

ఎనిమిదింటికి చేరాం. కార్తీకం ఎండ హాయిగా ఉంది. గట్టుకి ఒకపక్క జోసెఫ్ చెరువు, రెండోపక్క కొల్లేరు. వెడల్పు ఎనిమిదడుగులుంటుంది. చెరువు కుక్కలు నాలుగూ ముందు పరిగెడుతుంటే, టైగర్ గట్టుకి సరిగ్గా మధ్యలో నడిచింది. దాని వెనక నేనూ అంతే.

"గీత గీసుకున్నారా ఏంటి ఇద్దరూ?" అన్నాడు జోసెఫ్.

కొల్లేట్లో తెల్లగా గూడబాతులు. చెయ్యి చాచి, బొటనవేలు అడ్డం పెట్టి, దాని వెనక పట్టే పిట్టల్ని లెక్కపెట్టాను. నలభై. అలాంటి వేళ్లు ఎన్ని పడతాయో చూసి హెచ్చవేయబోతుండగా చెవులు పగిలేలా బాంబు పేలింది.

మేత వేసే వేళకి చెరువు మీద పిట్టలు దిగుతాయి. అప్పుడు అవతలి గట్టు మీద కాపలా మనిషి దీపావళి బాంబు పేలుస్తాడు. ఆ చప్పుడు వింటే చెరువు కుక్కలు మొరుగుతూ పిట్టల వైపు దూకుతాయి. ఇది రోజూ ఉండేదే కాబట్టి నాకు చెప్పాలని జోసెఫ్‌కి తోచలేదు. టైగర్ మాత్రం బెదిరిపోయి చెరువులోకి దూకేసింది. దాని వెనకే నేను, చెప్పులతో సహా.

దాని మెడ పట్టుకున్నాక గానీ ఎక్కడ నిలబడ్డానో తెలియలేదు. కాళ్ల కింద బురద జారుతోంది. నీళ్లు నడుం దాకా ఉన్నాయి. కాసేపు చూశాను. పెరగడం లేదు.

"బావా! అది ఈదుతోంది, నువ్వే ముంచేస్తున్నావు, వదులు!"

వదిలాను. టైగర్ చకచకా ఒడ్డుకి ఈది, జోసెఫ్ చొక్కా తడిసేలా ఒళ్లు విదిలించుకుంది. నడుం లోతు నీళ్లలో నిలబడి పకపకా నవ్వాను.

తర్వాత గంటసేపు ఆ గట్టు మీదే తిరిగాం. టైగర్ అంచు దాకా వెళ్లి నీళ్లు వాసన చూసి వచ్చేది. రెండో బాంబు పేలగానే మాత్రం నా కాళ్ల మధ్య దూరింది.

జోసెఫ్ తల అడ్డంగా ఊపాడు. "బాంబుకి వెనక్కి పరిగెత్తేదాన్ని నేనేం చేసుకోను? మావి కూడా దీన్ని చూసి నేర్చుకుంటే చేపలన్నీ పిట్టలకే. తీసుకెళ్లిపో బావా."

రెండున్నరకి అదే వ్యాన్‌లో తిరుగు ప్రయాణం. కార్తీకంలో కొల్లేటికి కుక్కతో వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి. బాంబు ఎప్పుడు పేలుస్తారో ముందే అడగండి. మార్చుకోవడానికి బట్టలు పెట్టుకోండి. మనసు తేలికవడం మాత్రం నిజం.

గుడివాడ దగ్గర చినుకులు పడ్డాయి. టైగర్ గొంతెత్తి ఏడుపు మొదలుపెట్టింది. "ఏడవనివ్వండి, నా రేడియో ఎలాగూ పాడైపోయింది" అన్నాడు సుబ్బారావు. నేను మా ఆవిడ సునీతకి ఫోన్ చేశాను.

"టైగర్‌ని తీసుకొస్తున్నా. రేపటి నుంచి వేరే ఇల్లు చూద్దాం."

"ఆదివారం లోపు మేడ మీద పోర్షన్ ఎక్కడ దొరుకుతుందండీ? వరద తర్వాత కింద ఇల్లు వద్దంటే వద్దన్నారుగా?"

"కిందదైనా సరే. చూడు."

ఫోన్‌లో టైగర్ ఏడుపు ఆవిడకి వినిపించే ఉంటుంది.

"ఏవండీ," అంది మెల్లగా, "మీరు బాగానే ఉన్నారా?"