డాబా మీద ఉప్పుచేపలు

నాగమణికి ఎవరి మాటా ఒక్కసారికి దిగదు. భావనపాడు ఒడ్డున పడవ దిగిన చేపను వేలం పాట పెట్టినప్పుడు తక్కిన ఆడవాళ్ళు గంప పైపైన చూసి పాట పెంచుతారు. ఆమె మాత్రం మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునున్న చేప మొప్ప ఎత్తి చూస్తే గాని నోరు విప్పదు. "పైన మెరిసింది అమ్మినోడి సేప. అడుగున ఉన్నాది కొన్నోడి సేప" అంటుంది.

ఆ అనుమానమే ఆమెకు టెక్కలి సంతలో పేరు తెచ్చింది. నాగమణి దగ్గర కొన్న ఎండుచేపతో కూర వండితే పంటి కింద ఇసక రాదని అక్కడి ఆడవాళ్ళ నమ్మకం. వాళ్ళు ఆమె వచ్చేదాకా ఆగి మరీ కొంటారు.

ఇసక రాకపోవడానికి కారణం డాబా. తిత్లీ తుపానుకి తాటాకు పాక ఎగిరిపోయాక, ఆమె, మొగుడు సింహాద్రి కూడబెట్టుకుని ముందు వరండా, దాని వెనక రెండు గదులతో శ్లాబు ఇల్లు కట్టుకున్నారు. వీధిలో ఆడవాళ్ళందరూ ఒడ్డున ఇసకలోనే చేపలు ఆరబెడతారు. నాగమణి మాత్రం ఉప్పులో ఊరిన చేపను తొట్టిలోంచి తీసి తిన్నగా డాబా మీద పరిచేది. కుక్క రాదు, ఇసక అంటదు. కారిన ఉప్పునీరు శ్లాబు మీదే ఇంకి తెల్లగా మిగిలేది. ఆమె శుభ్రం గల మనిషి కాబట్టి అప్పుడప్పుడు బిందెలతో నీళ్ళు పోసి కడిగేది కూడా.

ఒకనాడు మధ్యాహ్నం నడిమి గదిలో పైనుంచి అరచేయంత పెచ్చు ఊడి మంచం మీద పడింది. సింహాద్రి అప్పుడే మంచం మీంచి లేచాడు కాబట్టి సరిపోయింది. పెచ్చు ఊడినచోట ఇనుప చువ్వ తుప్పుపట్టి, ఉబ్బి, పొరలు పొరలుగా కనిపించింది.

"బైరాగిగాడు సిమెంటు తినేసినాడు మావా!" అంది నాగమణి, ముక్కను చేత్తో తూచి.

బైరాగి ఆ ఇల్లు కట్టిన తాపీ మేస్త్రి. ఆమెకు వరసకి తమ్ముడు. శ్లాబు పోసిన నాడు సిమెంటు బస్తాలన్నిటికీ ఆమే కాపలా ఉంది. అయినా ఇసక దింపిన పూట సంతకి వెళ్ళింది. ఆ పూటే వాడు సముద్రపు ఇసక కలిపేసి ఉంటాడని తేల్చేసింది.

"నువ్వు సూసినావేటి?" అన్నాడు సింహాద్రి.

"సూడనప్పుడే కదా సేత్తారు."

బైరాగిని అడిగితే తప్పు కప్పిపుచ్చుకుంటాడని, టెక్కలి వెళ్ళి సిమెంటు, రంగులు అమ్మే తారకేశ్వరరావు సలహా అడిగింది. అతను లేవకుండానే ఒక డబ్బా ముందుకి తోశాడు.

"ఈ రంగు డాబా మీద రెండు పూతలు వేయించమ్మా. నీటి చుక్క దిగదు."

"మరి ఇంత మంచిదైతే డబ్బా మీద దుమ్మెందుకు ఉన్నాది బాబూ?"

"షాపు రోడ్డు పక్కన ఉంది కదమ్మా."

"పక్క డబ్బా మీద నేదే?"

తారకేశ్వరరావు డబ్బా తుడిచి, దుమ్ములేని ఇంకోటి తీసిచ్చాడు. సింహాద్రి డాబా అంతా పూశాడు. ఆరిన మర్నాడే నాగమణి మళ్ళీ చేపలు పరిచింది. వానలు మొదలయ్యేసరికి ఇంకో పెచ్చు ఊడింది. ఈసారి చువ్వ పొడుగునా శ్లాబు చీలింది. వాళ్ళు మంచం వెనక గదిలోకి లాక్కున్నారు. నడిమి గదిలోకి వెళ్ళాలంటే నెత్తిమీద చెయ్యి పెట్టుకుని పరుగెత్తాల్సి వస్తోంది. శ్లాబు మొత్తం దిగిపోతే మళ్ళీ కట్టుకునే ఓపిక ఇద్దరికీ లేదు.

పెళ్ళాంతో చెప్పకుండా సింహాద్రి బైరాగిని పిలుచుకొచ్చాడు. బైరాగి కిందనుంచి చూడలేదు. తిన్నగా డాబా ఎక్కి, ఆరుతున్న చేపల మధ్య గొంతుక్కూర్చుని, నేలని గోటితో గీకాడు.

"అప్పా, కోప్పడకు. నువ్విక్కడ ఉప్పుసేప ఆరబెట్టడం మానీ. ఉప్పునీరు దిగి సువ్వకి పట్టేసినాది. తుప్పు ఉబ్బితే పెచ్చు తోసేత్తాది. సేపలు ఇక్కడున్నంతకాలం నానెన్ని మాసికలేసినా ఊడిపోతాయి."

నాగమణి వాణ్ణి ఎగాదిగా చూసింది. బైరాగి పెళ్ళాం చిన్నమ్మి కూడా టెక్కలి సంతలో ఎండుచేపలే అమ్ముతుంది. ఒడ్డున ఎండిన చేపలు, ఇసక చేపలు. సంతలో నాగమణి గంప ఖాళీ అయ్యాకే చిన్నమ్మి గంప కదిలేది.

"ఈ మాట నీదా, నీ పెళ్ళాందా?" అంది.

"అదేటప్పా?"

"నాను డాబా దిగి ఇసకలో కూకుంటే ఎవలికి లాబమో నాకు తెల్దేటి? సిమెంటు తినేసి ఇల్లు నువ్వే పాడు సేసి, ఇప్పుడు నా బేరం కూడా పాడు సెయ్యడానికొచ్చినావు."

బైరాగి ముఖం నల్లబడింది. "బావా, మంచం ఆ గదిలో ఎయ్యకండి" అని సింహాద్రితో మాత్రం చెప్పి దిగి వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా నాగమణి వంటమీద మనసు పెట్టలేకపోయింది. వాడు అబద్ధమాడితే నష్టం లేదు, ఇంకో మేస్త్రిని చూసుకోవచ్చు. నిజమైతే డాబా మీద ఆరబెట్టడం మానాలి, సంతలో పేరు పోతుంది. మాననంటే ఇల్లు పోతుంది.

మర్నాడు పొద్దున్నే, దాచిన పెచ్చుని విరిచి, లోపలి భాగాన్ని నాలిక మీద పెట్టుకుంది. ఉప్పు.

"అన్నం పెట్టకుండా ఇల్లు తింటన్నావేటే?" అన్నాడు వల భుజాన వేసుకుని బయల్దేరుతున్న సింహాద్రి.

ఆమె ఆ ముక్కని ఇంకోసారి నాకింది. ఈ ఉప్పు చేపలదే అని ఎలా తేల్చడం? సముద్రపు ఇసక కలిపినా ఉప్పగానే ఉంటుంది. అప్పుడు ఆమె చూపు వీధి వరండా మీద పడింది. ఆ శ్లాబు కూడా అదే రోజు, అదే ఇసకతో, అదే సిమెంటుతో పోసింది. కొబ్బరిచెట్టు నీడ పడుతుందని దానిమీద ఒక్కనాడూ చేప పరవలేదు.

సుత్తి తీసుకుని స్టూలెక్కి వరండా అంచుని కొట్టింది. సుత్తి ఎగిరి వెనక్కొచ్చింది. చేతులు తిమ్మిరెక్కేదాకా కొడితే చిక్కుడుగింజంత ముక్క రాలింది. దాని పైపొర గాలికి ఉప్పుపట్టి ఉంటుందని గీకేసి, మిగిలింది నాలిక మీద పెట్టుకుంది. మట్టి రుచి తప్ప ఇంకేమీ లేదు. నమ్మకం కుదరక నోరు పుక్కిలించి మళ్ళీ చూసింది. ఉప్పు లేదు.

సుత్తి పక్కన పెట్టి, నడిమి గది గుమ్మంలో నిలబడి పైకి చూసింది. ఏళ్ళ తరబడి తన చేతులతో పరిచిన చేపలన్నీ ఆ చీలికలోంచి తనని చూస్తున్నట్టనిపించింది.

బైరాగి ఇంటికి వెళ్ళేసరికి గుమ్మంలో చిన్నమ్మి చేపలు కోస్తోంది.

"ఏటొదినా, ఇసక సేపలోల గుమ్మం తొక్కినావు?"

"మీ ఆయన్ని రమ్మను. పాత గచ్చు కొట్టి, తుప్పు గీకి, మళ్ళీ పూసుకోవాల."

"సిమెంటు తినేత్తాడేమో!"

"సూత్తాను కదా, ఎంత తింటాడో" అంది నాగమణి. అంతకుమించి మెత్తబడడం ఆమెకు రాదు. చిన్నమ్మికీ ఆ సంగతి తెలుసు కాబట్టి కత్తిపీట పక్కకి జరిపి మొగుణ్ణి కేకేసింది.

సింహాద్రి డాబాను బాగా కడిగాడు. ఆరాక బైరాగి పని మొదలుపెట్టాడు. అంతకు ముందురోజే పడవలకి చేప బాగా పడింది. ఉప్పు పట్టించిన చేప ఎండ చూడకపోతే కుళ్ళిపోతుంది. నాగమణి ఒడ్డున కర్రలు పాతి, పాత వల బిగించి, ఇసకకి అందనంత ఎత్తులో చేపలు పరిచింది. కాకుల్ని తోలుతూ పక్కనే కూర్చుంది. ఇంటి దగ్గర గచ్చు కొడుతున్న దెబ్బలు వినిపిస్తున్నాయి. కాసేపటికి దెబ్బలు ఆగాయి. సిమెంటు కలుపుతున్నారన్నమాట. ఆమె లేవబోయింది. కాకి వాలింది. మళ్ళీ కూర్చుంది.

పక్కనే ఇసకలో చేపలు పరుస్తున్న చిన్నమ్మి అదంతా చూస్తోంది.

"ఎల్లి సూసుకో ఒదినా. నీ సేపలు నాను సూత్తాను."

నాగమణి ఇంటివైపు చూసింది, చేపలవైపు చూసింది, చిన్నమ్మివైపు చూసింది.

"ఒద్దులే. మీ ఆయనే కలుపుకుంటాడు."

"సిమెంటు కాడ మా ఆయన్ని నమ్మినావు. సేపల కాడ నన్ను నమ్మవేటి?"

"ఒక్కరోజులో ఇద్దర్ని నమ్మమంటే నా వల్ల కాదే" అంటూ నాగమణి చేపలు తిరగెయ్యడానికి లేచింది.