పెద్దయినా పోని మొప్పలు

ఫ్రీజర్‌లోంచి తీసిన నీళ్ల సీసా అరచేతికి అతుక్కున్నప్పుడల్లా నాకు సుగుణ మేడం గుర్తొస్తారు. చిలకలగూడలోని మా జూనియర్ కాలేజీలో ఆవిడ జువాలజీ సీనియర్ లెక్చరర్. నేనప్పుడే కొత్త లెక్చరర్‌గా చేరాను. ల్యాబ్‌లో ఆవిడ సొంతంగా పెంచుకుంటున్న ఆక్సొలాటల్ ఒకటి ఉండేది. కప్పలకు దూరపు చుట్టం. జానెడు పొడవు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే మొహం, మెడకు రెండు పక్కలా ఈకల్లాంటి ఎర్రని మొప్పలు. చల్లని నీళ్లలో తప్ప బతకదు. అందుకే ఎండాకాలమంతా గడ్డకట్టిన సీసాలను తొట్టెలో వేసి, కరిగినవి మారుస్తూ ఉండేవారు. ఆదివారం చర్చి అయ్యాక కూడా తిన్నగా ల్యాబ్‌కే వచ్చేవారు.

ఒక ఏప్రిల్‌లో చెల్లెలి ఇంటికి పది రోజులు వెళ్తూ దాన్ని నాకప్పగించారు. సీసాలు మారిస్తే చాలన్నారు. నాకది చాల్లేదు. కప్పపిల్లకు మొప్పలు పోతేనే కప్పవుతుందని పాఠం చెప్పేదాన్ని కదా! పాపం, నీళ్లెక్కువై ఇది పిల్లగానే ఆగిపోయిందనుకున్నాను. రోజూ కాసిన్ని నీళ్లు తోడేసి, రాళ్లతో చిన్న గట్టు కట్టాను. చేపపిల్లకు ఈత నేర్పబోయే తెలివి నాది.

మేడం తిరిగొచ్చేసరికి అది గట్టు మీద పక్కకు ఒరిగిపోయి ఉంది. మొప్పలు ఎండి ముడుచుకుపోయాయి. ఆవిడ కేకలేయలేదు. తొట్టె నింపి, దాన్ని నీళ్లలోకి దించి, కింద చేతులు ఆన్చి చాలాసేపు అలాగే నిలబడ్డారు. చివరికి దాని కాళ్లు కదిలాయి. పెద్దవడానికి సాయం చేద్దామనుకున్నానని ఏడుస్తూ చెప్పాను.

“ఇది పిల్ల కాదమ్మా. ఏడేండ్లది. రెండుసార్లు గుడ్లు పెట్టింది. దీని జాతి పెద్దగయ్యేదే గిట్ల,” అన్నారు. నీళ్లలోంచి చేతులు తీయకుండానే, “నువ్వు కప్పను చదివినవ్. దీన్ని చూడలే,” అన్నారు.

పిల్ల రూపంలోనే తల్లి! ఆవిడ నాకు వేసిన శిక్ష ఒక్కటే. రోజూ క్లాసుకు ముందు, పుస్తకం తెరవకుండా దాని బొమ్మ గీయాలి. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఆవిడా నా పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, ఆ రోజే మొదటిసారి చూస్తున్నట్టు చూసేవారు. ఎండిన మొప్పలు పోగు తర్వాత పోగు మళ్లీ మొలిచాయి. అంత వింతను నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

రిటైరైన రోజు తొట్టెను తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. దాన్ని చంపబోయినదాన్ని నేను, నాకెందుకిస్తున్నారని అడిగాను.

“నీకంటే భయంగ దీన్ని ఎవరు చూసుకుంటరు?” అన్నారు.

అది నా దగ్గర ఇంకో అయిదేళ్లు బతికింది. మేడం అంతకు ముందే పోయారు. దాని చివరి రోజు పొద్దున కూడా బొమ్మ గీశాను. మొప్పలు అలాగే ఉన్నాయి. ఇప్పటికీ ఏ విద్యార్థినైనా ఇంకా ఎదగలేదని అనబోతే ఆ భయం నా నోరు మూయిస్తుంది. ఆ భయం నన్ను విడిచి పోకూడదనే కోరుకుంటాను.