కొత్త బూటుతో కొండెక్కనివ్వని మావయ్య

మావయ్య పోయాడన్న కబురు నాకు సాలువా వెళ్ళే ఆటోలో తెలిసింది. అక్కడి బడిలో పాఠాలు చెప్పడానికి రోజూ ఆ దారినే పోతాను. ఫోన్ చేసింది మావయ్య కొడుకు, మా బావ. "నాన్న పోనాడే" అన్నాడు. పొద్దున నడక ముగించుకుని వచ్చి, వరండా మెట్టు మీద కూర్చుని, ఒక బూటు విప్పి, రెండోదాని ముడి మీద చెయ్యి వేసి అలాగే పక్కకి ఒరిగిపోయాడట. ఆటో వెనక్కి తిప్పమని చేత్తోనే చూపించాను. "క్యా హువా దీదీ?" అని అడుగుతూనే డ్రైవరు బండి తిప్పాడు.

మా ఖరగ్‌పూర్ తెలుగిళ్ళల్లో రైల్వే వర్క్‌షాపు ఫిట్టర్లకి కొదవ లేదు. డ్యూటీ దిగాక హార్మోనియం పట్టుకునేవాళ్ళున్నారు, పావురాలు పెంచేవాళ్ళున్నారు, చందాల పుస్తకం పట్టుకుని గుడి చుట్టూ తిరిగేవాళ్ళున్నారు. కొండల పిచ్చి మాత్రం మా మావయ్యకే పట్టింది. ఊరు చూస్తే చేత్తో నిమిరినట్టు చదును. ఎత్తు అని చెప్పుకోడానికి పట్టాల మీది ఓవర్‌బ్రిడ్జి తప్ప ఏమీ లేదు. అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషికి ఆ పిచ్చి అంటించినవాడు వర్క్‌షాపులో ఆయన పక్కన పనిచేసే ఒక బెంగాలీ దాదా. డార్జిలింగ్ వైపు సందక్‌ఫూ అనే కొండ ఉందనీ, అక్కడ తెల్లారగట్ల నిలబడితే కాంచనజంఘ మొత్తం కనిపిస్తుందనీ టీ తాగినప్పుడల్లా ఊరించాడట. ఆ దాదా ఎన్నడూ వెళ్ళలేదు. మావయ్య వెళ్ళాడు.

ఆ మొదటి ప్రయాణంలో మా వాళ్ళు చేసిన తెలివితక్కువ పని మా వాళ్ళే చెయ్యగలరు. వర్క్‌షాపులో డ్యూటీకి సేఫ్టీ బూట్లు ఇస్తారు. బరువు పడ్డా కాలివేళ్ళు నలక్కుండా ముందు భాగంలో ఇనప రేకు ఉంటుంది. మా రైల్వే క్వార్టర్ల సెటిల్‌మెంట్లో ఆ బూటంటే మహా గౌరవం. పాలిష్ పట్టించి పూజ పందిళ్ళకీ, చివరికి పెళ్ళిచూపులకీ కూడా వేసుకుపోయిన ఘనులున్నారు. ఇనుము మీద పడ్డా చెక్కు చెదరని బూటుకి కొండ ఒక లెక్కా అనుకుని, మావయ్యా ఆయన స్నేహితులూ అందరూ అవే తొడుక్కుని బయల్దేరారు. ఎక్కేటప్పుడు దర్జాగానే ఎక్కారు. పైకి పోయాక చలికి ఆ రేకు మంచుగడ్డలా బిగుసుకుంది. దిగేటప్పుడు అడుగడుక్కీ వేళ్ళు వెళ్ళి దానికే కొట్టుకున్నాయి. కాంచనజంఘ ఎలా ఉందని తర్వాత ఎవరడిగినా వాళ్ళలో ఒక్కడూ సరిగ్గా చెప్పలేకపోయాడు.

మిగిలింది అత్త చెబితేనే బాగుంటుంది. నేను ఎన్నిసార్లు విన్నానో. "నడిసొచ్చినాడనుకున్నావేటి? రిక్షా దిగి గుమ్మందాకా రానేకపోనాడు. బూటు విప్పితే వేళ్ళన్నీ నేరేడు పళ్ళమ్మీ! పసుపు రాస్తంటే బొటనేలి గోరు నా సేతిలోకి ఊడొచ్చేసినాది. నాను ఏడస్తన్నాను, మీ మావ నవ్వతన్నాడు."

గోళ్ళు మళ్ళీ మొలిచేదాకా మావయ్య హవాయి చెప్పులతో తిరిగాడు. ఆ రోజుల్లోనే ఆయనకి బూట్ల మీద ధ్యాస పుట్టింది. కనిపించిన ప్రతి మనిషి కాళ్ళూ చూసేవాడు. కొండ దిగిన అనుభవం ఉన్నవాడు దొరికితే వదిలేవాడు కాదు, వాడి బూటు విప్పించి లోపల చెయ్యి పెట్టి మరీ చూసేవాడు. కొన్నాళ్ళకి న్యూ సెటిల్‌మెంట్లో ఎవరు కొండకి పోవాలన్నా మావయ్య వరండాకే రావాలన్న స్థితి వచ్చింది. పోయినేడాది వరకూ పూజ సెలవులు దగ్గర పడుతున్నాయంటే ఆ వరండాలో చోటుండేది కాదు.

గోల్‌బజార్లో చెప్పుల దుకాణం పెట్టుకున్న కోస్తా శెట్టిగారికి మావయ్య వస్తున్నాడంటే గుండె దడ. ఎప్పుడూ సాయంత్రమే వెళ్ళేవాడు. పొద్దుటి కాలు వేరు, సాయంత్రం ఉబ్బిన కాలు వేరు, కొండ మీద ఉండేది ఉబ్బిన కాలేనని ఆయన లెక్క. జేబులో మందపాటి ఉన్ని మేజోళ్ళు, చంకలో ఒక చెక్క పలక. ఆ పలకని దుకాణం బల్లకి ఏటవాలుగా ఆనించి, బూటు తొడిగినవాణ్ణి దాని మీంచి దిగమనేవాడు. "వేలు తగిలినాదా?" "లేదు మావా." "మళ్ళీ దిగు. ఈపాలి బరువేసి దిగు." తగిలిందంటే ఆ జత పక్కకి, ఇంకో జత. తర్వాత మడమ వెనక తన వేలు దూర్చి చూసేవాడు. మడమ పైకి లేస్తే బొబ్బలే అనేవాడు.

"మీరొస్తే ఆ సాయంత్రం నా బేరం గోవిందానండి బాబూ. అందరూ పెళ్ళి చూడ్డానికొచ్చినట్టు నిలబడిపోతున్నారు" అని శెట్టిగారు మొత్తుకునేవాడు.

"పెళ్ళికైతే కొరికే జోళ్ళైనా పరవాలేదు సెట్టిగారూ, ఒక పూటే కదా" అనేవాడు మావయ్య.

నా మొదటి బూట్లు కూడా ఆ పలక మీదే దిగాయి. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. గులాబీ రంగు గీత ఉన్న జత మీద నా మనసు పడింది. మావయ్య ఒక్కసారి దిగమన్నాడు, ముఖం చూశాడు, దాన్ని తీసి లోపల పెట్టేశాడు. మట్టి రంగులో గేదె డెక్కల్లాంటి జత నా కాళ్ళకి తొడిగించాడు. ఇంటికొచ్చి నేను అన్నం తినకుండా అలిగితే, కంచం పట్టుకుని నా పక్కన కూర్చుని, "అమ్మీ, ఎక్కేది ఊపిరి, దిగేది వేళ్ళు. గీత ఎవడు సూస్తాడే?" అన్నాడు.

కొనగానే అయిపోదు. అసలు పరీక్ష ఆ తర్వాతే. కొత్త బూటుతో ఎవరినీ కొండకి తీసుకెళ్ళేవాడు కాదు. నెల్లాళ్ళు ఊళ్ళోనే తొడుక్కుని తిరగాలి. బజారుకీ అవే, గుడి దాకా అవే, తెల్లారి ఓవర్‌బ్రిడ్జి ఎక్కి దిగడానికీ అవే. చీర మీద ఆ గేదె డెక్కలేసుకుని నేను ఝపటాపూర్ పేటలో పెళ్ళి భోజనానికి వెళ్ళాను. నవ్వనివాళ్ళు లేరు. "కొత్త బూటుకి నువ్వెవులో తెలవదు. సుట్టరికం కలవనీ" అనేవాడు మావయ్య. ఒకసారి తన సొంత ఆఫీసరే బయల్దేరే ముందురోజు కొన్న ఖరీదైన బూట్లతో వస్తే, స్టేషన్లో అందరి ముందూ దణ్ణం పెట్టి ఇంటికి పంపేశాడు. ఆఫీసరు చాలాకాలం మాట్లాడలేదు. మావయ్యకి ఆ బెంగ ఏమీ పట్టలేదు.

ఆయన ప్రయాణం వేసే పద్ధతి కూడా తిరకాసే. మీరు కొండలకి పోయేవాళ్ళయితే ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తారు. ఆయన ఎక్కడ ఆపాలో ముందు చూసేవాడు. తిరుగు రైలుకి పాసు రాయించి, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వచ్చేవాడు. దిగే రోజుల్లో నడక తక్కువ, విశ్రాంతి ఎక్కువ. మధ్యలో ఒక రోజు ఏ పనీ పెట్టకుండా ఖాళీగా ఉంచేవాడు. పట్టాల మరమ్మతు కోసం రైళ్ళు ఆపే సమయాన్ని మా రైల్వేలో బ్లాకు అంటారు, ఆయన దానికీ ఆ పేరే పెట్టాడు. వానొచ్చినా, ఒకరికి ఒంట్లో బాగోకపోయినా ఆ రోజు ఖర్చయ్యేది. త్వరగా పోదామని గొడవ పెట్టేవాళ్ళకి ఆయన జవాబు ఒకటే: "తొందరుంటే రైలెక్కు."

సందక్‌ఫూలో నేను చూసిన తెల్లవారుజాము నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. మంచు మీద మొదట గులాబీ, తర్వాత బంగారం. మేమంతా నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాం. మావయ్య ఏడి అని చూస్తే, వెనకాల గొంతుకూర్చుని మా బూట్ల తాళ్ళు పరీక్షిస్తున్నాడు. దిగే ముందు చీలమండ దగ్గర బిగించి కట్టాలి, లేకపోతే పాదం ముందుకి జారుతుంది. "మావా, అటు సూడు!" అని అరిచాను. "సూస్తాన్లే, అదెక్కడికీ ఎల్లిపోదు" అంటూ నా ముడి విప్పి మళ్ళీ కట్టాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకు కలిగిన ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు.

అత్త ఎన్నడూ ఆ కొండలు ఎక్కలేదు. మోకాళ్ళ నొప్పులు. ఆయన తిరిగొచ్చిన రోజు మాత్రం వేడినీళ్ళ తొట్టె సిద్ధంగా పెట్టుకుని, కాళ్ళు అందులో పెట్టించి, ఒక్కో వేలూ నొక్కి చూసేది. ఆవిడకి తెలిసిన హిమాలయాలన్నీ ఆయన పాదాల మీంచి తెలిసినవే.

అందుకే పెద్దకర్మ దగ్గర గొడవ వచ్చింది. మా ఆచారంలో పోయినవాళ్ళ పేరు మీద చెప్పులూ గొడుగూ దానం ఇస్తాం. ముందురోజు బావ ఝపటాపూర్ వెళ్ళి అందరూ తెచ్చేలాంటి రబ్బరు చెప్పులు తెచ్చి పళ్ళెంలో పెట్టాడు. అన్నిటికీ తలూపుతూ గోడకి ఆనుకుని కూర్చున్న అత్త ఆ చెప్పులు చూసి లేచి వచ్చింది.

"ఇవి ఎందుకిస్తారు పంతులుగారూ?"

పంతులుగారంటే మా సెటిల్‌మెంట్ గుడి పూజారే. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. "ఆయన ఎల్లే దారికమ్మా. రాళ్ళుంటాయి, ముళ్ళుంటాయి, ఎత్తుపల్లాలుంటాయి అని పెద్దలంటారు."

"రాళ్ళూ ముళ్ళూ ఉన్నాయని మీరే సెప్తన్నారు. ఆ దారికి హవాయి సెప్పులేటి?"

బావ నచ్చచెప్పబోయాడు. అత్త వినలేదు. లోపలికెళ్ళి మావయ్య పాత బూట్లు తెచ్చి పళ్ళెం పక్కన పెట్టింది. పంతులుగారు ఇబ్బందిగా తల అడ్డంగా ఊపారు. వాడినవి దానానికి పనికిరావు, కొత్తవే ఇవ్వాలి. సరేనని బావా నేనూ గోల్‌బజారు పరిగెత్తాం. శెట్టిగారు మేం అడక్కముందే మావయ్య కొలత బూట్లు తీసి చేతిలో పెట్టి, ముఖం అటు తిప్పుకున్నాడు.

తెచ్చిన బూట్లు అత్త వంచి చూసింది. వంగలేదు. మడమ దగ్గర నొక్కింది. గట్టిగా ఉంది. "ఈటిని ఎవులు నడిపినారు?" అంది.

ఇప్పుడే కొన్నవని బావ పెట్టె చూపించాడు.

"కొత్త బూటుతో ఆయన ఎవుల్నీ కొండకి తీసుకెల్లనేదు. ఆఫీసర్నే తీసుకెల్లనేదు. ఇప్పుడు ఆయన్నే అలగ పంపించేస్తారేటి? ఆ గోళ్ళు మీరెవులూ సూడనేదు. నాను సూసినాను." ఆయన పోయాక అప్పటిదాకా కంటతడి పెట్టని మనిషి ఆ బూట్లు ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నడిపితే పాతవైపోతాయి, నడపకపోతే కరుస్తాయి. బావ చూరు వంక చూస్తూ నిలబడ్డాడు. నాకు మాత్రం అత్త చెప్పింది నూటికి నూరుపాళ్ళూ న్యాయంగానే తోచింది.

పంతులుగారు వచ్చి అత్త ముందు కింద కూర్చున్నారు. "అమ్మా, ఆ దారి ఒక్కరోజులో అయిపోయేది కాదు, ఏడాది పడతాదంటారు. కొత్తవే దానం ఇవ్వండి. పుచ్చుకున్నాక అవి నా కాలివి. నెల్లాళ్ళు నాను తొడుక్కుని తిరుగుతాను. నాను నడిసిందంతా ఆయనకే సేరతాది. ఎత్తు మొదలయ్యేసరికి మెత్తబడిపోవా?"

ఆ మాట ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. ఆ పూట ఆయనకి కాళ్ళు మొక్కాలనిపించింది. అత్త కళ్ళు తుడుచుకుని, "మీకు వదులవుతాయి. రెండు మేజోళ్ళు తొడగండి. మడమ లేవకూడదు" అని, ఉన్ని మేజోళ్ళు కూడా కొత్తవి తెప్పించి పళ్ళెంలో పెట్టించింది.

పంచె కట్టుకుని, నుదుట విభూతితో, కాళ్ళకి కొండ బూట్లతో పంతులుగారు గుడికి నడుస్తుంటే మొదట్లో జనం ఆగి చూశారు. కుర్రాళ్ళు వెనకాల నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. కూరల బజారులో చూశాను, పోస్టాఫీసు దగ్గర చూశాను. ఒక రోజు వానలో కూడా చూశాను.

మొన్న రెండో మాసికానికి వచ్చి ఆయన గుమ్మం బయట బూట్లు విప్పి లోపలికి వెళ్ళారు. అత్త పీట వెయ్యడం కూడా మరిచిపోయి బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది. ఒక బూటు తీసుకుని వంచింది. వంగింది. బూటు లోపలికి చూస్తూనే ఇంట్లోకి వినబడేలా అడిగింది, "పంతులుగారూ, దిగినప్పుడు వేలు తగుల్తందేటి?"

"మొదట్లో తగిలినాదమ్మా. ఇప్పుడు నేదు."

అత్త బూటులోకి చెయ్యి పెట్టింది. వేళ్ళ దాకా పోనిచ్చి, అక్కడే ఉంచేసింది. ఏమైందోనని నేను పక్కన కూర్చున్నాను.

"ఎచ్చగా ఉన్నాదమ్మీ" అంది. చెయ్యి బయటికి తియ్యలేదు.