చిలుక కన్ను పెట్టిన చెయ్యి

కారంపూడి దగ్గర ఒక పల్లెలో పాత చర్చి ఉంది. అక్కడి ఫాదర్ గారి భోజనాల గదిలో, ఎప్పుడో ఇటలీ నుంచి వచ్చిన ఒక ఫాదర్ తెచ్చుకున్న బొమ్మ వేలాడుతుంది. కుండీ నిండా పూలు, కింద రెండు పావురాలు, కుండీ అంచు మీద ఒక చిలుక. సంతకం లేదు. అది ఎవరు వేసిందో తేల్చి చెప్పమని ఈ మధ్య ఫాదర్ గారు హైదరాబాదు నుంచి నా తోటి శిష్యుణ్ణి పిలిపించారు. నరసరావుపేటలో నలభై ఏళ్లుగా బోర్డులు రాస్తున్న నన్ను పిలవలేదు. నాకు కడుపు మండింది.

వాడూ నేనూ బొమ్మలేసే ఒకే కొట్లో, ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నాం. నేను మూడేళ్లు ముందు చేరాను. వాడు తరవాత చదువుకుని, పాత బొమ్మలు బాగుచేసే ఉద్యోగంలో కుదురుకున్నాడు. వాడి గురించి ఎవరు గొప్పగా చెప్పినా, గురువుగారికి పెద్ద శిష్యుణ్ణి నేనే కదా అనుకుని సర్దుకునేవాణ్ణి.

పిలవకపోయినా వెళ్లాను. వాడి కారుకు కాస్త చుట్టయినా, మా ఊరొచ్చి నన్నూ ఎక్కించుకోమని ఫోన్ చేశాను.

"నువ్వొస్తే నాకు చానా ధైర్యం అన్నా" అన్నాడు. ఆ మంచితనానికి ఒళ్లు ఇంకా మండింది.

వాడు బొమ్మను దించి, వెనక గుడ్డ చూశాడు, భూతద్దం పెట్టి రేకుల అంచులు చూశాడు.

"పూలు ఒకళ్లు వేశారు, పిట్టలు ఇంకొకళ్లు వేశారు ఫాదర్. రేకు అంచు మెత్తగా తిరిగింది, ఈకలేమో గీతలు గీతలుగా ఉన్నయ్. పెద్దోళ్ల ఇళ్ల గోడలకని ఇట్టాంటివి పంచుకుని వేసేవాళ్లు. ఇటలీ పనే. పేరు మాత్రం చెప్పలేం."

ఫాదర్ గారి ముఖం కాస్త వాడింది. వాడు కిటికీలు మూయించి, ఊదారంగు లైటు వేశాడు. బొమ్మంతా పచ్చగా మెరిసింది. చిలుక కన్ను ఒక్కటే నల్లగా ఉండిపోయింది. ఆ లైటుకు పాత పూత మెరుస్తుందని, కన్ను రంగు మాత్రం చాలాకాలం తరవాత పెట్టిందని చెప్పాడు.

నాకు సందు దొరికింది. మా కొట్లో సినిమా బొమ్మయినా, దేవుడి బొమ్మయినా కన్ను గురువుగారే పెట్టాలి. ఒళ్లంతా మేం వేసి, రెప్పల మధ్య ఖాళీ వదిలి పక్కకు తప్పుకోవాలి. ఆయన స్నానం చేసి వచ్చి పెట్టేవారు. శిష్యుడు కన్ను ముట్టుకుంటే ఆ రోజే కొట్లోంచి బయటికి. ఒక పండక్కి ముందు ఆయన ఈ చర్చి విగ్రహాలకు రంగులు వేయడానికి వచ్చి, ఈ బొమ్మ కూడా బాగుచేశారని విన్నాను. నేనప్పుడు గురజాలలో గోడల మీద ఎన్నికల రాతలు రాస్తున్నాను.

"అది మా గురువుగారి కన్ను ఫాదర్. చుక్క కింద ఆ సన్న వంపు చూడండి. ఆయన చెయ్యి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలవదు" అన్నాను, వాడికి బాగా వినబడేట్టు.

ఫాదర్ గారు సంతోషపడి, టీ చెప్పడానికి లోపలికి వెళ్లారు. వాడు లైటు ఆపి గొంతు తగ్గించాడు.

"అన్నా, అది నేను పెట్టింది. ఆ రోజు ఆయనకి చెయ్యి వణికింది. నువ్వెయ్ రా అని బ్రష్షు నా చేతికిచ్చాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

ఆరేళ్లు నేను ఆయన ముందు ఖాళీలు వదిలి పక్కకు తప్పుకున్నాను. ఒక్క పిచ్చుక కన్నయినా పెట్టనివ్వలేదు. చచ్చిపోయిన మనిషి మీద అంత కోపం వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

వాడు రిపోర్టు కాగితం తీశాడు. "ఏం రాయమంటావ్ అన్నా?"

"గురువుగారిదనే రాయి."

అది గురుభక్తి కాదు. ఆ కన్ను పక్కన వాడి పేరు ఉండకూడదు, అంతే. నేను అడిగినట్టే వాడు తలొంచుకుని రాశాడు, కింద సంతకం పెట్టాడు, టీ వస్తే ముందు నాకు అందించాడు. ఒక్క మాట ఎదురు చెప్పి ఉంటే, కనీసం ముఖం మాడ్చుకుని ఉంటే, వాడికీ ఆ కన్ను కావాలని తెలిసేది. వాడికి అది అక్కర్లేదు. నాకు ఇప్పటికీ కావాలి.